మూడో ద్వారం దగ్గర కోడి

"ఒంటిగంటకల్లా ఆఖరి రెండు పేజీలు నా బల్ల మీద లేకపోతే నీ ఉరుము మామకి ఈ నెలతో నూకలు చెల్లినట్టే!" ఎడిటరమ్మ ఎడమచేత్తో బల్ల గుద్దింది. కుడిచెయ్యి బల్ల కిందే ఉంది.

"కథ వారం కిందటే ఇచ్చానమ్మా. బొమ్మలే రాలేదు," నసిగాడు రచయిత.

"బొమ్మలేసేవాడు ఎవరు? నీ బావమరిదే కదా! వెళ్ళి చెవి పట్టుకుని గీయించు. అన్నట్టు, రోజూ మధ్యాహ్నం రెండు కొడితే నీ కాళ్ళకి చక్రాలు మొలుస్తున్నాయి. ఇంకెక్కడైనా చెయ్యి పెట్టావని తెలిసిందో, మన జీతం తింటూ టీవీ సీరియళ్ళకి మాటలు రాసినాయనకి చూపించిన గుమ్మమే నీకూ చూపిస్తా."

రచయిత గుమ్మం వైపు ఓసారి చూశాడు. అతను పెట్టింది చెయ్యి కాదు, మోచేతుల దాకా దింపేశాడు. పొద్దున ఇక్కడ కామిక్స్, మధ్యాహ్నం రెండు వీధుల అవతల వీడియో గేములు. పొద్దున ఉరుము మామ చేత రాక్షసుల్ని తన్నిస్తాడు, మధ్యాహ్నం రాక్షసుల చేత జనాన్ని తన్నిస్తాడు. రెంటిలో ఒకటి వదులుకోమంటే రెండు కళ్ళలో ఏది కావాలని అడిగినట్టే. ఈ సంగతి ఇంట్లో ఆవిడకొక్కదానికే తెలుసు.

"మా తమ్ముడికి మాత్రం చెప్పకండి. వాడి నోట్లో నువ్వుగింజ నానదు," అని ఆవిడే ఒట్టు వేయించుకుంది.

ఆ తమ్ముడి గదికి రొప్పుకుంటూ చేరేసరికి పదకొండయింది. బల్ల మీద కాగితాలు తెల్లగా నవ్వుతున్నాయి. ఇంకు సీసా మూత ఎండిపోయి ఉంది. బావమరిది మంచం మీద బోర్లాపడి, రెండు చేతులా ఫోన్ పట్టుకుని, "చావవే, చావు!" అని అరుస్తున్నాడు. బొటనవేలికి ప్లాస్టరు.

"ఏమిట్రా ఇది?"

"మాట్లాడించకు బావా! ఈ గేములో ఏడు ద్వారాల కోట. మూడో ద్వారం దగ్గర పద్దెనిమిది రోజులుగా పడి ఉన్నా. ఏనుగంత కోడి! వెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టు పొడిచి మళ్ళీ మొదటి ద్వారంలో పారేస్తోంది. దీన్ని తయారుచేసిన వెధవ దొరకాలి గానీ, వీపు మీద తబలా వాయించనూ!"

రచయిత వీపు జలదరించింది. ఆ కోడికి ముక్కు, గోళ్ళు, పొగరు అన్నీ పెట్టింది తనే. నెల్లోపల ఒక్కడు కూడా దాటకూడదని కంపెనీ పెద్దాయన అంటే, మీసం మెలేసి మరీ పెట్టాడు. ఇప్పుడు ఆ కోడే వచ్చి తన కామిక్‌ని గింజగింజా ఏరుకు తింటోంది.

"ముందు పేజీలు గియ్యరా. నీకు పుణ్యముంటుంది."

"దీని సంగతి తేలేదాకా పెన్సిలు ముట్టనని ఒట్టేసుకున్నా బావా. బొమ్మలేసేవాడికి మాట ముఖ్యం."

"నీ మొహం! అక్కడ ఎడిటరమ్మ నా పీక మీద కూర్చుంది!"

"నా పీక మీద కోడి కూర్చుంది."

గోడ గడియారం చూస్తే పదకొండుంపావు. ఇక తప్పదు. గేమ్ తయారయ్యే రోజుల్లో, పరీక్షించిన ప్రతిసారీ తన కోడి చేత తనే పొడిపించుకోలేక, రచయిత తనకోసం ఒక దొంగదారి పెట్టుకున్నాడు. తర్వాత దాన్ని మూసెయ్యడం మరిచిపోయాడు. ఈ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు. అతనికీ, కోడికీ.

"ఒరే, కోడికి వీపు తిప్పి నీ వీరుడి చేత మూడు గుంజీలు తీయించు."

"ఏడుస్తున్నవాడితో వెటకారమా బావా?"

"తీయించరా బాబూ!"

ఒకటి. రెండు. మూడు. కోడి ఆవులించింది. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసి, గుర్రు పెట్టింది.

బావమరిది పెట్టిన కేకకి కిటికీ మీద పావురాలు లేచిపోయాయి. బావని అమాంతం ఎత్తుకుని గదంతా మూడు చుట్లు తిప్పాడు. "నీకెలా తెలుసు బావా?"

"బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నా. దించు ముందు!"

ఇక పెన్సిలు ఆగలేదు. కుంచె ఈలపాట పాడింది. పన్నెండూ నలభైకి రెండు పేజీలూ చేతిలో పెట్టాడు. రచయిత వాటివైపు చూడనైనా చూడకుండా, ఇంకు ఆరీ ఆరకముందే అట్టల మధ్య పెట్టుకుని ఒకటే పరుగు.

ఎడిటరమ్మ మొదటి పేజీ చూసి తలూపింది. రెండోది చూసి కళ్ళజోడు కిందికి జార్చింది.

"మామ ఇనుపగోడ పగలగొట్టాలి కదా. ఇదేమిటి?"

పేజీ అతని వైపు తిప్పింది. ఏనుగంత కోడికి వీపు తిప్పి, చెవులు పట్టుకుని, ఉరుము మామ గుంజీలు తీస్తున్నాడు. వెనకాల కోడి ఒంటికాలి మీద గుర్రు పెడుతోంది. నోట్లో నాననిది కుంచెలో మాత్రం ఎందుకు నానుతుంది?

"మా వాడు సరదాకి..." అతను పేజీ వెనక్కి లాక్కోబోయాడు.

ఎడిటరమ్మ పేజీని మళ్ళీ ఓసారి చూసింది. తల వంచుకుని బల్ల కిందికి చూస్తూ కుడిభుజం ఆడించింది. బల్ల కిందనుంచి సన్నగా ఏదో గురగురమంది. పాపం, ఆవిడ ఇంకా భోంచేసినట్టు లేదనుకున్నాడు రచయిత. తర్వాత ఎడమచేత్తో వంకరగా సంతకం గీకి, పేజీలు ప్రెస్సుకి పంపించేసింది. బతుకు జీవుడా అని అతను లేవబోయాడు.

"ఆగు. ఈ గుంజీల సంగతి వాడికెవరు చెప్పారు?"

"నేనేనమ్మా."

"నీకెవరు చెప్పారు?"

"బస్సులో..."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

చూశాడు. ఇక బస్సు కథ నడవలేదు. "రెండు కొట్టగానే వెళ్ళేది గేమ్ కంపెనీకమ్మా. రెండేళ్ళుగా. ఆ కోడి నాదే."

ఎడిటరమ్మ లేచింది. వెళ్ళి తలుపేసి గడియ పెట్టింది. పదేళ్ళుగా రాస్తున్న ఉరుము మామ రచయిత కళ్ళముందు గిర్రున తిరిగాడు. తిరిగొచ్చి కూర్చుని, ఆవిడ పొద్దుటినుంచీ మొదటిసారి కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది. బొటనవేలికి ప్లాస్టరు, గుప్పిట్లో ఫోను.

"కోడి పడుకుంది, సంతోషం," అంది గొంతు తగ్గించి. "నాలుగో ద్వారానికి అడ్డంగా పడుకున్న ఆ గేదెని ఎలా లేపాలో చెప్పి, అప్పుడు కదులు."