గట్టు అవతలి నెపోలియన్

"ఇంకొక్క ఎత్తు, మీ నెపోలియన్ పని సరి!" అని తోటలో మంచం మీద కూర్చున్న ప్రమీలారాణి ఫోన్లో టైపు చేసింది. ఆన్‌లైన్ యుద్ధం ఆటలో నెల్లాళ్లుగా తనను ఓడిస్తున్న ముక్కూమొహం తెలియని ప్రత్యర్థి ఇవాళ చిక్కాడు.

అంతలో ఈదురుగాలి లేచింది.

"ఆగండి! రసాలు రాలిపోతున్నాయి, ఏరుకుని వస్తా," అని జవాబొచ్చింది.

ఆమె తోటలోనూ కాయలు రాలుతున్నాయి. ఫోనుతోనే గట్టు దగ్గరికి పరుగెత్తింది. గట్టుమీది మామిడిచెట్టు ఎవరిదన్న తగువుతో మూడేళ్లుగా మాటల్లేని పక్కతోట భ్రమరాంబ అవతల కాయలు ఏరుతోంది. గట్టుమీద పెట్టిన ఆమె ఫోన్లో అదే యుద్ధం!

"నువ్వా వదినా నెపోలియన్‌వి?" ప్రమీలారాణి పగలబడి నవ్వింది.

"నేనే! ఎత్తు వెయ్యి. ఈ చెట్టు కాయలు గెలిచినోళ్లవి," అంటూ భ్రమరాంబ గట్టుమీద చతికిలబడింది.

ప్రమీలారాణి తన గుర్రపుదళాన్ని వెనక్కి నడిపించింది.

"అదేంటి! గెలిచేదానివిగా?"

"గెలిస్తే ఆట అయిపోతుందిగా వదినా. కాస్త జరుగు."