సాంబ్రాణి మరలో మామిడి వాసన

స్నానం చేయించి సాంబ్రాణి పట్టిన పసిపాప పెదవులు నీలంగా మారిపోయాయి. నిప్పుల మీద ధూపం వేసే రోజులు పోయి, ఇప్పుడు ప్రతి ఇంట్లో దానికీ ఆవిరి మరే.

హైమ అత్తగారి చేతిలోంచి మర లాక్కుంది. గుప్పుమని మామిడి వాసన! "ఏం పోశారత్తయ్యా ఇందులో?"

"సాంబ్రాణి అయిపోతే మా శశిగాడి ఈ-సిగరెట్ మందు పోశానే. పసిపిల్లలకైనా ప్రమాదం లేదని పరిశోధన చేసి టీవీలో చెప్పింది వీడే కదా!"

హైమ భర్త మీదికి ఉరికింది. "అంబులెన్సు వచ్చేసింది. డాక్టరుకి ఏం చెప్పాలి? చెప్పు శశీ!"

శశిధర్ గోడకు జారగిలబడ్డాడు.

"విషమని చెప్పు హైమా. ప్రయోగశాలలో ఎలుక పిల్లలూ ఇలాగే నీలం తిరిగి చచ్చాయి. నేను బతికినవాటినే లోకానికి చూపించాను."