ఎడమచేతి పాఠాలు

"ఈ పాఠాలు తీసెయ్యాలి" అన్నాడు కురాహషి, సెంబెయి అనే బియ్యప్పిండి బిళ్ల ఫట్‌మని విరుస్తూ.

మత్సుయే ఊరి సమావేశ మందిరంలో మేడమీది గది. స్టవ్ మీద కెటిల్ సన్నగా ఈల వేస్తోంది. చుట్టూ కూర్చున్నవాళ్లంతా సుజురి మనుషులు. సుజురి అంటే సిరా నూరే రాయి. వీళ్లకు మాత్రం అది కంప్యూటర్లో రాసుకునే ఎడిటర్ పేరు. దాన్ని తయారుచేసింది హొజుమి గురువు. ఏ మీట నొక్కితే ఏం జరగాలో ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. దాని గొప్పంతా అందులోనే ఉంది. తెరవగానే మొదట కనిపించేది గురువు రాసిన వాక్యం: "చదవలేనివాడికి ఇది అక్కర్లేదు."

సరిగ్గా ఆ వాక్యం కిందే తన పాఠాలు పెట్టమంటోంది చిగుసా.

ఆవిడ పని మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పడం. గుంపులో చేరింది పోయిన వసంతంలోనే. చేరినప్పటినుంచీ పాఠాలు రాస్తూనే ఉంది.

కురాహషికి ఒక్కటీ నచ్చలేదు. కొత్తవాళ్ల కోసం అని పేరు పెట్టి నిండా కష్టమైన కంజి అక్షరాలు నింపిందేమిటని అతని అభ్యంతరం. చదువు రానివాళ్లకు ఎవరైనా పిల్లల అక్షరాల్లో, కనాలో రాస్తారు గదా అన్నాడు.

అందరూ చేసే పొరపాటు అదేనని చిగుసా చెప్పింది. పక్షవాతంతో మాట పోయిన మనిషి ముందు ఇంట్లోవాళ్లు కనా పలక తెచ్చి పెడతారు. కనా అక్షరం పలికేది శబ్దాన్ని. పోయింది ఆ శబ్దమే. కంజి అలా కాదు, బొమ్మలా అర్థాన్ని చూపిస్తుంది. అందుకే ఒక్కో మీటకు ఒక్కో కంజి అమర్చింది.

నెమొతో అనే కుర్రాడు తెరలోకి తొంగిచూశాడు. "అన్నీ ఎడమవైపే కుక్కారేంటండీ? కుడివైపు మీటలు పెన్షన్ పుచ్చుకున్నాయా?"

గది ఘొల్లుమంది.

"నా రోగి కుడిచెయ్యి పుచ్చుకుంది" అంది చిగుసా.

నవ్వు ఆగిపోయింది. కెటిల్ ఈల మాత్రం ఆగలేదు.

కురాహషి గొంతు కాస్త తగ్గించాడు. "సులువైన ఎడిటర్లు సవాలక్ష ఉన్నాయి గదమ్మా. మీ రోగికి ఇదే ఎందుకు?"

"వేరేవి పెట్టి చూశాను. కీబోర్డు తోసేశారు. ఇది తెరిస్తే ఒళ్లో పెట్టుకున్నారు."

"ఎవరాయన?"

"చెప్పకూడదు. పెదవుల మీద వేలు పెట్టి మరీ చూపించారు."

ఆవిడ కోరింది పెద్దదేం కాదు. పాఠాలూ, ఎడమచేతి అమరికా సుజురితోపాటే రావాలి. లేకపోతే కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మీటలు పాత చోటికి పోతాయి. కిందటిసారి అలాగే అయింది. కష్టపడి నేర్చుకున్న 'నీళ్లు' అక్షరం ఉన్న చోట లేదు. దాహం వేసిన మనిషి ఆ మీటే నొక్కి నొక్కి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంకోసారి అలా జరిగితే మళ్లీ లేవడేమోనని ఆవిడ భయం.

"ఒక్క మనిషి కోసం గురువుగారి మాట కింద ఈ బొమ్మల పుస్తకం అతికిస్తామా?" అన్నాడు కురాహషి. "ఆయన చెవిన పడితే మిమ్మల్నీ మీ పాఠాల్నీ కలిపి కిటికీలోంచి విసిరేస్తారు."

"అయితే ఆయన్నే అడగండి."

గురువును అడగడమా? ఆయనది ఎప్పుడూ ముక్తసరి మాట. పేజీలకు పేజీలు రాసినా 'సరే' అనో 'కాదు' అనో జవాబు. ఈమధ్య అదీ లేదు. సమావేశాలకూ రావడం మానేశాడు. పెద్దవాడయ్యాడు, విసుగెత్తి ఉంటుందని అనుకున్నారంతా.

పంతం కొద్దీ కురాహషి అక్కడికక్కడే కంప్యూటర్లో ఉత్తరం రాశాడు. చలి గురించి రాశాడు, ఆరోగ్యం అడిగాడు, వంగి వంగి దండాలు పెట్టాడు. చిట్టచివర, పాఠాలు ఉంచాలా తీసెయ్యాలా అన్నాడు. పంపేముందు పైకి చదివి వినిపించాడు. చిగుసా ఎండు పెర్సిమన్ పండు గింజ దాకా నమిలింది.

ఆ వారమే కొత్త వెర్షన్ విడుదలైంది. మీటలన్నీ పాత చోటికి పోయాయి.

రోగి కీబోర్డు తోసేశాడు. చిగుసా తిరిగి ఒళ్లో పెట్టింది. మళ్లీ తోశాడు. మళ్లీ పెట్టింది. ఈసారి కిందపడి ఒక మూల విరిగింది. విరిగినదాన్నే తుడిచి పెట్టింది.

"మీరెంత మొండివారో నేనూ అంతే. నేను పోను" అంది. "మీటలు మళ్లీ సర్దాను. మొదటి పాఠం. కానివ్వండి."

ఆయన కళ్లు ఎర్రజేశాడు. ఆవిడా ఎర్రజేసింది. చాలాసేపటికి ఎడమచేతి చూపుడువేలు కదిలింది.

తరవాతి సమావేశంలో కురాహషి మొహం పాలిపోయి ఉంది. కంప్యూటర్ అందరివైపూ తిప్పాడు. గురువు జవాబు. తెర మధ్యలో ఒకే ఒక్క కంజి.

'ఉంచు.'

నెమొతో తెరకు తల వంచాడు. ఇంకెవరో చిగుసా కప్పులో టీ పోశారు. ఓడిపోయిన కురాహషి కూడా చివరికి గర్వంగానే అన్నాడు. "చూశారా, గురువుగారంటే అదీ. అంత ఉత్తరానికి ఒక్క అక్షరం. ఒక్క మాట వృథా చెయ్యరు."

ఆ ఒక్క అక్షరం కోసం హొజుమి గురువు ఎడమచేతి వేలు విరిగిన కీబోర్డు మీద ఎంతసేపు తడుముకుందో, పక్కనే కూర్చుని చూసిన చిగుసాకు ఒక్కదానికే తెలుసు.