టైగర్ నేర్చిన మర్యాద

హేమావతి మగ్గం గుంతలో నుంచి లేచి, కాలు పైకి పెట్టబోయింది. గట్టు మీదున్న కుక్క టైగర్ దిగ్గున లేచి, పళ్లు చూపించి గుర్రుమంది. ఆమె గుంతలోనే నిలబడిపోయింది.

"చూస్తిరా సార్? దీనికి సంగటి పెట్టేది ఆమే. ఆమెకే మర్యాద ఇయ్యదు," అన్నాడు ఆమె భర్త గిరిధర్, కుక్కలకు బుద్ధి నేర్పేందుకు హిందూపురం నుంచి వచ్చిన ట్రైనర్‌తో.

"ఎప్పుడు గుర్రుమంటాదమ్మా?" అని అడిగాడు ట్రైనర్.

"మగ్గం ఇడిసి లేస్తేనే సార్. నీళ్లకు లేసినా అంతే."

"కుక్క ఇంట్లో చూసిందే నేర్చుకుంటాదప్పా. ఆమె లేస్తే ఎవరన్నా అరుస్తారా?"

"ఎవరరుస్తారు సార్? మీ మాట బాగుండాదే!" గిరిధర్ నవ్వి, కుక్కకు వేలు చూపించి గద్దించాడు. "ఏయ్, కూర్చో!"

టైగర్ తోకాడిస్తూ నిలబడే ఉంది.

గుంతలో హేమావతి కూర్చుంది. చేయి దానంతటదే మగ్గం మీద పోగు నేసే నాడె అందుకుంది.

ట్రైనర్ తల దించుకున్నాడు. గిరిధర్ వేలు గాలిలోనే ఆగిపోయింది.

హేమావతి తన చేతిలోని నాడె వైపు కాసేపు చూసింది. దాన్ని పక్కన పెట్టి, మళ్లీ లేచింది.

టైగర్ గిరిధర్ ముఖంలోకి చూసింది. అతను నోరు తెరవలేదు.

అది పక్కకు జరిగి దారి ఇచ్చింది.