తలుపు పిడికి పసుపు చీటీ

పొగ గొట్టంలోంచి పొగ రావడం లేదు.

రోజేర్ కారు దిగకుండానే పెదవి విరిచాడు. సెయింట్ జాన్ నది లోయలో పుట్టినవాడు ఇల్లు కొనేటప్పుడు ముందు చూసేది గోడల్ని కాదు, పొగని. నడి జనవరిలో, సున్నాకి ముప్పై డిగ్రీల దిగువన, పొగ లేని ఇల్లంటే ఎవరూ కాపురం చెయ్యని ఇల్లని లెక్క.

"వెనక్కి పోదాం," అన్నాడు.

"ఇంతదూరం వచ్చి గుమ్మం తొక్కకుండా పోతామా?" అంటూ లిజాన్ అప్పటికే దిగిపోయింది. ఆమెకి ఏడో నెల.

ఆ చలికాలంలో వాళ్లు చూస్తున్న తొమ్మిదో ఇల్లది. లిజాన్ కోరిక ఒక్కటే. పుట్టింట్లో ఆమె పదహారేళ్లు ఉన్నిటోపీ పెట్టుకునే నిద్రపోయింది. తన బిడ్డకి ఆ గతి పట్టకూడదు.

ఏజెంటు గ్లెన్నిస్ తలుపు తీసింది. బూట్లు గుమ్మంలో విప్పి, కోట్లు విప్పకుండా లోపలికి నడిచారు. ఏ ఇల్లు చూడ్డానికి వెళ్లినా వాళ్లకి అదే అలవాటు.

ఉత్తరపు గదిలో గోడకి పైన పొడుగాటి తెల్లపెట్టె ఒకటి సన్నగా గాలి వదులుతోంది. గదికి ఆ చివర, మంచు పట్టిన కిటికీ పక్కన, ఒక ముసలాయన చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాడు. కాళ్లకి ఒట్టి మేజోళ్లు. వెన్న రాసిన ప్లోయ్ అట్టు చుట్టుకుని తాపీగా తింటున్నాడు.

ఇల్లు చూపించే చోటల్లా కాఫీ కోసం, వెచ్చదనం కోసం ఎవరో ఒకరు చేరుతూనే ఉంటారు. ఈయనా ఆ బాపతే అనుకున్నాడు రోజేర్. ఎవరీయన అని కళ్లతోనే గ్లెన్నిస్‌ని అడిగాడు. ఆవిడ ఏదో చెప్పబోయి, ముసలాయన వైపు చూసి, కాఫీ తెస్తానంటూ తప్పుకుంది.

"హీట్ పంపా?" రోజేర్ తెల్లపెట్టెని చూస్తూ మొహం చిట్లించాడు.

బయటి చలిలోంచే వేడి లాగి ఇంట్లో పోస్తుందని అందరూ చెప్పేదే. వినడానికి బాగానే ఉంటుంది. బయట ఉమ్మితే గడ్డకట్టే చోట వేడి ఎక్కడుంటుందట?

"ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూశావా, అబ్బాయ్?" అన్నాడు ముసలాయన, అడక్కుండానే. "లోపలున్న కాస్త వేడినీ లాగి వెనక్కి తోస్తుంది. దాన్ని తిరగేస్తే ఇదీ అంతే."

ముందు గోడల సందులన్నీ మూసి, పైకప్పు కింద చలి ఆపే దూది దట్టంగా కూరాలనీ, ఆ తర్వాతే పెట్టె బిగించాలనీ చెప్పాడు. బయటి పెట్టెని మనిషి నడుమెత్తున నిలబెడితే మంచులో కూరుకుపోదన్నాడు. అర్ధరాత్రి లేచి పొయ్యిలో కట్టెలు వేసే పని తప్పుతుందన్నాడు. రోజేర్‌కి చిర్రెత్తుకొచ్చింది.

"ఈ అట్ల ముసలాడు మనకి పాఠాలు చెబుతున్నాడు," అని లిజాన్ చెవిలో గొణిగాడు. కాస్త గట్టిగానే గొణిగాడు.

తర్వాత ఫోను తీశాడు. "లియోపాల్డ్ చెప్పాలి. ఆయన నమ్మొచ్చంటే నమ్ముతా."

ముసలాయనకి పొలమారింది.

లియోపాల్డ్ అంటే ఇళ్లు వెచ్చబెట్టే పొయ్యిలకి ఆయిల్ పోసే బండి. రోజేర్ పుట్టక ముందు నుంచీ వాళ్లింటి ట్యాంకు నింపేది ఆయనే. అందరూ మిల్లుకీ బడికీ పోయాక వచ్చి వెళ్లేవాడు కాబట్టి రోజేర్ ఎన్నడూ ఆయన మొహం చూడలేదు. సాయంత్రం తలుపు పిడికి వేలాడే పసుపు చీటీయే వాళ్లకి లియోపాల్డ్. ట్యాంకు నింపానన్న మాట కింద పెన్సిలుతో ఇంకో ముక్క తప్పకుండా ఉండేది. మెట్ల మీద మంచు ఎత్తేశాను. కుక్కకి నీళ్లు పెట్టాను. ఆ చీటీల్ని వాళ్లమ్మ పారెయ్యకుండా దాచుకునేది.

చీటీల మీద అచ్చేసిన ఆయిల్ ఆఫీసు నంబరులో ఎవరూ ఎత్తలేదు. మాట రికార్డు చెయ్యమంది యంత్రం.

"నేను రోజేర్‌ని, మార్సెల్ కొడుకుని. హీట్ పంపున్న ఇల్లు చూస్తున్నాం. చిన్నబిడ్డ రాబోతోంది. దీన్ని నమ్మొచ్చా? నువ్వే చెప్పాలి."

ముసలాయన నమలడం ఆపి, రోజేర్‌ని అప్పుడే కొత్తగా చూసినట్టు చూశాడు. తర్వాత లిజాన్ వైపు తిరిగాడు.

"కోటు తొడుక్కుని చూస్తే ఇంటి సంగతి ఏం తెలుస్తుంది, అమ్మాయ్?"

లిజాన్ కోటు విప్పింది. కాసేపటికి స్వెటరు కూడా విప్పింది. కిటికీ దాకా వెళ్లి, ఒక్క క్షణం తటపటాయించి, మేజోళ్లు లాగేసింది. ఒట్టికాళ్లతో ఆ ఉత్తరపు గదంతా రెండుసార్లు తిరిగింది. రోజేర్ పెళ్లయ్యాక చలికాలంలో భార్య కాలివేళ్లు చూడ్డం అదే మొదలు.

"నేనిక్కడి నుంచి కదలను," అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి రోజేర్ ఇల్లు ఖాయం చేసేశాడు. ఎందుకైనా మంచిదని ఆ ఇంటి పాత ఆయిల్ ట్యాంకు మాత్రం తియ్యకుండా ఉంచమన్నాడు.

లియోపాల్డ్ దగ్గర్నుంచి ఫోను రాలేదు. అమ్మేవాళ్ల తరఫున ఎవరో కూతురొచ్చి సంతకాలు చేసింది. ఇంటి పెద్ద అప్పటికే తమ్ముడితో కలిసి చేపలు పట్టడానికి ఫ్లోరిడా వెళ్లాడట.

ఫిబ్రవరిలో, మళ్లీ ముప్పై డిగ్రీల దిగువన, సామానుతో దిగారు. మెట్ల మీద మంచు ఎవరో శుభ్రంగా ఎత్తేశారు. తలుపు పిడికి పసుపు చీటీ వేలాడుతోంది.

రోజేర్ దాన్ని పిడి నుంచి తీశాడు. లిజాన్ అందుకుని పైకి చదివింది.

"ట్యాంకు ఖాళీ. ఏడేళ్లుగా ఖాళీయే. మెట్ల మీదా బయటి పెట్టె మీదా మంచు ఎత్తేసి, ఈ చీటీ తగిలించమని మా మేనల్లుడికి చెప్పి వెళ్తున్నాను. మార్సెల్ కొడకా, నువ్వడిగినదానికి జవాబు: నమ్మొచ్చు. లోయంతటికీ ఆయిల్ పోశాను గానీ, నా ఇంట్లో నేను వెచ్చగా పడుకున్నది ఆ పెట్టె కిందే. ఇట్లు, లియోపాల్డ్ అనే అట్ల ముసలాడు."