పత్తర్‌గట్టిలో పాఠాలు

“చెయ్యి పట్టుకో బిడ్డా, పరేషాన్ గాకు,” అంది రాజమణి, పత్తర్‌గట్టి రోడ్డు అంచున నిలబడి.

ఆశ్రిత చెయ్యి అందించింది. ఆటోలు, స్కూటర్లు, తోపుడుబళ్ళు సందివ్వకుండా వస్తున్నాయి.

“బండ్లు ఆగుతయని చూస్తే పొద్దుగూకుతది. చెయ్యి చూపించుకుంట నిమ్మలంగ నడువు. ఉరకొద్దు. వాళ్ళే తప్పుకుంటరు.”

“మధ్యలో భయమేస్తే?”

“ఏస్తే ఏసింది. ఎనుకకు మాత్రం తిరగకు.”

అవతలికి చేరారు. ఆశ్రిత వెనక్కి చూసి, “ఇంకోసారి దాటి చూపిస్తారా ఆంటీ?” అంది.

పాపం, పిల్ల నిజంగానే బెదిరిపోయింది అనుకుంది రాజమణి.

ఆశ్రిత భర్త అభిషేక్ ఈ మధ్యే అమలాపురం నుంచి ఇక్కడి బ్యాంకుకి బదిలీ మీద వచ్చాడు. మొఘల్‌పురాలో ఇల్లు తీసుకున్నారు. ఆ బ్యాంకు మేనేజరు రామ్‌చందర్ రాజమణి భర్త. మొన్న అభిషేక్ ఆయన గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

“మా ఆవిడ ఇక్కడ ఇమడలేకపోతోంది సార్. మాట అర్థం కాదు. రోడ్డు దాటాలంటే వణుకు. తిండి కూడా సరిగ్గా తినడం లేదు, కూర్చుని ఏడవడమే. మమ్మల్ని వెనక్కి పంపించెయ్యండి.” చెబుతూనే జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

సోమవారం పై ఆఫీసుకి రాస్తానని రామ్‌చందర్ మాటిచ్చాడు. ఆ సంగతి విని రాజమణి ఊరుకోలేదు.

“నేను మెదక్ నుంచి వచ్చిన కొత్తల గిట్లనే ఏడ్చిన. యాదికి లేదా? ఆ పిల్లను ఆదివారం నాతోని బజారుకు పంపమను. తర్వాత రాద్దువు.”

దుప్పట్ల దుకాణంలో రాజమణి రెండో పాఠం మొదలుపెట్టింది. “హౌ అంటే అవును. నక్కో అంటే వద్దు. నచ్చకపోతే ‘నక్కో భాయ్’ అను. నవ్వుకుంట అను.”

“నవ్వకపోతే తిడతారా?”

“ఎందుకు తిడ్తరు? చాయ్ తాపిస్తరు.”

దుకాణదారు నిజంగానే చాయ్ తెప్పించాడు. ఆశ్రిత ఆ మాటలే పెదాల మీద మళ్ళీ మళ్ళీ అనుకుంటూ తాగింది. తర్వాత ఆటోవాణ్ణి ఎలా అడగాలో చెప్పించుకుంది. “మొఘల్‌పురా ఆతే క్యా భాయ్?” అని తనే ఒక ఆటోని ఆపింది.

“అబ్బ! మస్తుగ అన్నవ్,” అంటూ రాజమణి ఎక్కి కూర్చుంది. ఆటో కదిలాక అసలు సంగతి ఎత్తింది.

“రేపు మా ఆయన పై ఆఫీసుకు రాస్తడంట. ఆపమందునా బిడ్డా?”

“ఆపించండి ఆంటీ, మీకు పుణ్యముంటుంది. ఇక్కడ బడిలో నాకు లెక్కల టీచరు పోస్టు వచ్చింది. రేపే చేరాలి. చదువయ్యాక ఇన్నాళ్ళకి దొరికిన మొదటి ఉద్యోగం.”

“గట్లనా! గింత మంచి ముచ్చట చెప్పకపోతివి. మరి ఇంక ఏడ్వవు గదా?”

ఆశ్రిత ముందు సీటు వైపు ఓసారి చూసింది. డ్రైవరుకి వినపడకుండా రాజమణి చెవి దగ్గరికి వంగింది.

“ఏడ్చేది నేను కాదాంటీ, మా ఆయన.”