అంచు కుట్టని గుడ్డ

ఆదోనిలో సంగీత కచేరీకి ఇంకో రోజు ఉందనగా పెట్రోమాక్స్ లైటు ఒరిగి, బొమ్మ వేయాల్సిన గుడ్డ మీద కిరసనాయిలు ఒలికింది.

సుంకప్ప తల పట్టుకున్నాడు. పత్తి మిల్లులో గుమాస్తా ఆయన. ఎవరూ అడగకపోయినా కచేరీ పనులన్నీ నెత్తినేసుకున్నాడు.

అది ఎనభై అయిదో సంవత్సరం, కరువు ఏడాది. కోసిగి పక్క పల్లెల్లో గంజి కేంద్రం నడపడానికే ఈ కచేరీ. బళ్లారి వాళ్లు వయొలిన్, తబలా వాయిస్తుంటే, పక్కనే డ్రాయింగు మాస్టరు బసన్న పెద్ద గుడ్డ మీద బొమ్మ వేస్తాడు. చివర్లో బొమ్మను వేలం వేస్తారు. ఇలాంటిది ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు కాబట్టి టికెట్లన్నీ అయిపోయాయి.

బసన్నకు అతుకు లేని తెల్ల గుడ్డ కావాలి. గంజి పెట్టినదైతే రంగు పీల్చదట. గంజి కోసం కచేరీ పెట్టి, గంజి లేని గుడ్డ కోసం తిరగాల్సి వచ్చిందని సుంకప్ప విసుక్కుంటూ ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

అక్కడ ఏ నేతగాడి ఇంట్లో చూసినా రంగు దుప్పట్లే. చివరికెవరో పీరా సాబ్ ఇల్లు చూపించారు. భార్య పోయి ఏడేళ్లు, పిల్లలు లేరు. ఇంట్లో ఒక మగ్గం, ఒక రేకు పెట్టె, ఆయన.

ముసలాయన అంతా విన్నాడు.

"గంజి ఎంతమందికి పోస్తారప్పా?"

"దినానికి మూడొందల మందికి, తాతా."

ఆయన లేచి పెట్టె తెరిచి మడత పెట్టిన గుడ్డ తీశాడు. కర్పూరం వాసన గుప్పుమంది. పురుగు పట్టకుండా వేసుకున్నాడనుకున్నాడు సుంకప్ప. విప్పి చూస్తే ప్రాణం లేచొచ్చింది. గంజి లేదు, అతుకు లేదు. వెడల్పు కూడా సరిపోతుంది.

"అంచు కుట్టలేదేం తాతా?"

"దీనికి కుట్టకూడదప్పా."

నేతగాళ్ల పట్టింపులు వాళ్లవి. సుంకప్ప ధర అడిగితే, ఇది అమ్మేది కాదన్నాడు.

"నాకొక కుర్చీ ఎయ్యి, సాలు. పాట ఇని శానా ఏండ్లాయ."

"ముందు వరసలో మొదటి కుర్చీ నీదే తాతా."

మర్నాడు ఆ గుడ్డను చట్రానికి బిగించడానికి సుంకప్ప దర్జీ చేత చుట్టూ మడిచి కుట్టించాడు.

సాయంత్రం అందరికన్నా ముందే పీరా సాబ్ వచ్చాడు. ఉతికిన లుంగీ, తెల్ల టోపీ, భుజం మీద తను నేసిన తువ్వాలు. మొదటి కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

కాసేపటికి టికెట్లు చూసే మనిషి వచ్చి, అవి చందాలిచ్చిన వాళ్ల కుర్చీలంటూ ఆయన్ను లేపాడు. దూరం నుంచి సుంకప్ప అది చూశాడు. వెళ్లి చెప్పాలనుకున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే మిల్లు యజమాని జీపు దిగాడు. ఆయనకు వేయాల్సిన దండ సుంకప్ప చేతిలోనే ఉంది.

పీరా సాబ్ షామియానా గుంజకు ఆనుకుని రెండు గంటలు నిలబడ్డాడు. వాయించే వాళ్ల వైపు చూడలేదు. తెల్ల గుడ్డ మీద బసన్న గీతల్లో ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. చేతుల్లో సత్తు గిన్నెలు, పక్కన పిల్లలు. ఆయన వాళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

ఆ బొమ్మను ఒక నూనె మిల్లు ఆయన వేలంలో పాడుకున్నాడు. తర్వాత సుంకప్ప కాగితం తీసి కృతజ్ఞతలు చదివాడు. షామియానా వాళ్లకు, మైకు వాళ్లకు, సోడాల వాళ్లకు, ఒరిగిపోయిన పెట్రోమాక్స్ ఇచ్చిన ఆయనకు కూడా. గుడ్డ ఇచ్చిన మనిషి పేరు రాసుకోవడం మరిచిపోయాడు.

జనం పోతుంటే పీరా సాబ్ వేదిక దగ్గరికి వచ్చి గుడ్డ అంచు తడిమాడు.

"కుట్టేసినారా?"

"చట్రానికి బిగించల్ల గదా తాతా. కుర్చీ సంగతి ఏమనుకోవద్దు, పనుల్లో..."

"ఉండనీలేప్పా. మూడొందల మంది తాగుతారు గదా."

బస్టాండు వైపు ఒక్కడే నడిచి పోయాడు. తోడు పంపాలని కూడా సుంకప్పకు తోచలేదు.

ఇంటికెళ్లాక తోచింది. ఆ రోజు నుంచి ఎక్కడ ఖాళీ కుర్చీ చూసినా సుంకప్పకు సిగ్గేసేది. నెల తర్వాత బొమ్మను ఫోటో తీయించి, ఎమ్మిగనూరు పోయాడు.

పీరా సాబ్ తలుపుకు తాళం ఉంది. పక్కింటి ఫాతిమా బీ అరుగు మీద రాట్నం తిప్పుతోంది.

"పోయి పదైదు దినాలాయప్పా. జొరమొచ్చె, మూడు దినాల్లో పోయినాడు. నువ్వు సుట్టమా?"

సుంకప్ప కాదన్నట్టు తల ఊపాడు. ఫోటో చేతిలోనే ఉండిపోయింది.

"ఎవురూ లేరప్పా ఆయనకు. అయినా ఒకర్ని ఏదీ అడిగేటోడు కాదు," అంది ఫాతిమా బీ. "మట్టి సేసే దినం మాత్రం ఆయనకు సుట్టే గుడ్డ కోసం మేమే ఇల్లిల్లూ తిరిగి అడిగినాము. పెండ్లాము సచ్చిన ఏడాదే తన కఫన్ గుడ్డ తానే నేసుకుని దాసిపెట్టుకున్యాడు గదా అని పెట్టె తెరిస్తే, దాంట్లో ఉత్త కర్పూరమే ఉండె."